చిత్త కింద విభూతి పండు

మా నాన్నగారి కళ్లకి శుక్లాలు వచ్చాయని ఇంట్లో అందరికీ తెలుసు. ఎంతవరకూ ముదిరాయో మాత్రం ఎవరికీ తెలియదు. ఆయన తెలియనివ్వలేదు. కోనసీమలో పౌరోహిత్యం చేసేవారు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట పెళ్లి జరిగినా పీటల దగ్గర ఆయన గొంతు వినబడాల్సిందే. మంత్రాలన్నీ నోటికి వచ్చు కాబట్టి పుస్తకం తెరిచే అవసరం లేదు. ఆ ధీమాతోనే ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చారు.

ఆపరేషన్ మాట ఎత్తితే పంచాంగం అడ్డం పెట్టేవారు. వైశాఖంలో అడిగితే, "ముహూర్తాల రోజులు కదమ్మా, నేను కంటికి గుడ్డ కట్టుకుని కూర్చుంటే ఈ పెళ్లిళ్లు ఎవరు చేస్తారు?" అనేవారు. పోనీ ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కదా అంటే, "శూన్యమాసంలో అలాంటి పని ఎవరైనా పెట్టుకుంటారా?" అనేవారు.

ఒకసారి మా వారు ఉండబట్టలేక అడిగేశారు. "మావయ్యగారూ, మంచిరోజుల్లో మీకు తీరికుండదు. తీరికైనప్పుడు మంచిరోజుండదు. మరింక ఆపరేషన్ ఎప్పుడండీ?"

"అదే నేనూ వెతుకుతున్నానండి అల్లుడుగారూ, దొరకడం లేదు," అన్నారు నాన్నగారు, ఏమాత్రం తొణక్కుండా.

మరీ ముదరబెడితే కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు మొత్తానికే పోవచ్చని నేను చదివాను. చదివానంటే మా వీధి చివరి శాఖా గ్రంథాలయంలో. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. పెళ్లయి రాజమండ్రి వచ్చాక ఆ రెండు గదుల లైబ్రరీయే నా కాలేజీ. సాయంత్రం మా వారు పోస్టాఫీసు నుంచి వచ్చేలోగా వెళ్లి వచ్చేసేదాన్ని. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, అక్కడి విజ్ఞానశాస్త్రం అరలో నేను చదవని పుస్తకం లేదు. అర చిన్నదే లెండి. అయినా ఒక్కో పుస్తకం రెండుసార్లు చదివాను. లైబ్రేరియన్ గారు నన్ను చూడగానే, "కొత్తవేం రాలేదండీ, పాతవే మళ్లీ కొత్తగా చదువుకోండి," అనేవారు. నాన్నగారికి ఇదంతా మహా గొప్పగా ఉండేది. మా ఊళ్లో ఎవరు కనబడినా, "మా అమ్మాయి లైబ్రరీ మొత్తం చదివేసిందండి," అని చెప్పేవారట. నేను ఊరెళితే జనం నన్ను జ్వరాలకి మందులు కూడా అడిగేవారు.

ఆ అరలోనే, వెన్ను ఊడిపోయి దారంతో కట్టిన ఒక పుస్తకంలో, గోళాకార తారాగుచ్ఛాల గురించి చదివాను. ఆకాశంలో కొన్నిచోట్ల లక్షల నక్షత్రాలు ఒకే ముద్దగా ఉంటాయట. తేనెపట్టు మీద ఈగలు ముసిరినట్టు, మధ్యలో ఒత్తుగా, అంచులకి వచ్చేసరికి పలచగా. మన పాలపుంత చుట్టూ అలాంటివి వందకి పైనే తిరుగుతున్నాయట. వాటి వయసు వెయ్యీ రెండువందల కోట్ల ఏళ్లకి అటూ ఇటూ. మన సూర్యుడి వయసు అందులో సగం కూడా లేదు. అక్కడ కొత్తగా పుట్టే నక్షత్రాలు లేవు. ఉన్నవాళ్లందరూ దాదాపు ఒక ఈడువాళ్లు. ఎప్పుడో కలిసి పుట్టారు, కలిసి ముసలివాళ్లయ్యారు, ఒకరి బరువు ఒకరిని లాగి పట్టుకుని ఉండడం వల్ల ఇన్ని కోట్ల ఏళ్లూ చెదిరిపోకుండా ఉన్నారు. అది చదివి, ఇంటికి తెచ్చుకున్న ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

ఆ పుస్తకం రాసినాయన ఏ చలిదేశపు పుస్తకాలు ముందేసుకుని రాశారో గానీ, ఉత్తరాన హెర్క్యులిస్ రాశిలో ఉన్న గుచ్ఛాన్ని తెగ మెచ్చుకున్నారు. దాని కోసం నేను డాబా ఎక్కి మెడ నొప్పి తెచ్చుకున్నానే తప్ప మామూలు కంటికి ఏమీ ఆనలేదు. తర్వాత ఒకరోజు పుస్తకం చివర మడతపెట్టి ఉన్న నక్షత్ర పటం విప్పి చూస్తే, దక్షిణం అంచున చిన్న అక్షరాలతో ఇంకొకటి కనబడింది. ఒమేగా సెంటారీ. అన్నిటికన్నా పెద్దది, వట్టి కంటికి కూడా కనబడేది అని రాసి ఉంది. దాని మీద వేలు పెట్టి నిలువుగా పైకి జరిపితే, వేలు వెళ్లి చిత్తకి తగిలింది.

చిత్త నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన నక్షత్రం. వేసవిలో వాకిట్లో మడతమంచం వేసుకుని నాన్నగారు నన్ను పక్కన పడుకోబెట్టుకుని హస్త, స్వాతి, చిత్త అంటూ వేలితో చూపించేవారు. చిత్త వరకూ వచ్చి ఆయన వేలు ఆగిపోయేది. ఎంచేతంటే కోనసీమలో దక్షిణం అంటే కొబ్బరితోటే. చిత్త కింద ఏముందో చూడాలంటే ఆ చెట్లన్నీ వంగి దారివ్వాలి. అంతపెద్ద తారాగుచ్ఛం మా ఊరి కొబ్బరిమట్టల వెనక ప్రతి వేసవిలోనూ లేచి కుంగుతూనే ఉంది, మా నాన్నగారూ నేనూ చూడలేదు.

రాజమండ్రిలో మా డాబా మీద ఆ ఇబ్బంది లేదు. ఆ రోజుల్లో, తొంభైల చివర, ఎండాకాలంలో రాత్రి భోజనాల వేళకి కరెంటు తీసేసేవారు. వీధంతా తిట్టుకుంటూ విసనకర్రలు వెతుక్కుంటుంటే నేను డాబా మెట్లెక్కేదాన్ని. ఊరు మొత్తం చీకటిగా ఉండేది. చిత్త నుంచి తిన్నగా కిందకి, దక్షిణం అంచున సిలువలా నాలుగు చుక్కలుండే త్రిశంకు కన్నా కాస్త ఎడంగా పైకి చూస్తే, మసకగా ఒక చుక్క. చుట్టూ ఉన్న నక్షత్రాలు సూదిమొనల్లా ఉంటే అది ఒక్కటే ముగ్గుపిండి నలిపి అంటించినట్టు ఉంది. మా వారి ఆఫీసులో ఒకాయన తమ్ముడు ఓడలో పనిచేసేవాడు. అతను తెచ్చిన బైనాక్యులర్ ఆయన దగ్గర ఉందని తెలిసి, నెల్లాళ్లు బతిమాలించి తెప్పించుకున్నాను. "గాజుకి దుమ్ము పడకూడదండీ, చూడని నిమిషంలో మూతలు పెట్టేయాలండీ," అని ఆయన షరతు. దాంట్లోంచి చూస్తే ఆ మరక కాస్తా గుండ్రంగా ఉబ్బి బంతయింది. పక్కన ఎవరైనా ఉంటే బావుండునని అంతగా నాకు ఎప్పుడూ అనిపించలేదు. మా వారు వచ్చి చూసి, "బావుందోయ్, దోమలు కుడుతున్నాయి," అని దిగిపోయారు. ఇది నాన్నగారికి చూపించాలి అనుకున్నాను.

ఆ వైశాఖంలోనే నాన్నగారికి రాజమండ్రిలో పొద్దుటి ముహూర్తానికి ఒక పెళ్లి తగిలింది. అది చేయించి, మధ్యాహ్నానికి అలసిపోయి మా ఇంటికి వచ్చారు. వచ్చినప్పటి నుంచి నేను ఊరుకుంటేనా. తేనెపట్టు సంగతి, వెయ్యి కోట్ల ఏళ్ల సంగతి, చిత్త కింద ఇన్నాళ్లూ ఏం దాగి ఉందో ఆ సంగతి, కాఫీ ఇస్తూ సగం, కూర తరుగుతూ సగం చెప్పేశాను. ఆయన శ్రద్ధగా ఊ కొట్టారు.

భోజనాలయ్యాక కరెంటు పోయింది. నేను ముందుగా ఎక్కి, బైనాక్యులర్‌తో చోటు చూసుకుని, మూతలు పెట్టేసి, కిందకి దిగి ఆయన్ని తీసుకొచ్చాను. ఆయన గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంటే, చీకటి కదా అనుకున్నాను.

"చిత్త నుంచి తిన్నగా కిందకి రండి నాన్నగారూ. అదిగో, ఆ వాటర్ ట్యాంకు మీదుగా," అని బైనాక్యులర్ చేతికిచ్చి భుజాలు పట్టుకుని దక్షిణానికి తిప్పాను. ఆయన దాన్ని కళ్లకి ఆనించుకున్నారు.

"కనబడిందా?"

"కనబడిందమ్మా," అన్నారు. "ఆహా! నువ్వన్నట్టు తేనెపట్టే. మధ్యలో ఒత్తుగా, చుట్టూ పలచగా... ఎంత ముచ్చటగా ఉందో."

నా ఆనందానికి అంతు లేదు. ఇంకాస్త బాగా కనబడాలని ఆయన చెయ్యి సర్దబోయాను. గాజు ఉండాల్సిన చోట నా వేళ్లకి రబ్బరు తగిలింది. మూతలు తియ్యలేదు.

చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆయన ఇంకా ఆ మూతల్లోంచి ఆకాశాన్ని చూసి తల ఊపుతూనే ఉన్నారు. నేను ఒక్కొక్కటే లాగాను. టప్, టప్ మని చప్పుడైంది.

"ఏంటమ్మా అది?"

"మూతలు నాన్నగారూ. తియ్యడం మర్చిపోయాను."

ఆయన బైనాక్యులర్ కిందకి దించారు. తర్వాత మెల్లగా నవ్వడం మొదలెట్టారు. ఆ నవ్వు ఎక్కువై పిట్టగోడ పట్టుకున్నారు.

"ఇన్నేళ్లూ పెళ్లికూతుళ్లందరూ నాకు చెప్పిన మాటే ఇవాళ నేను నీకు చెప్పానమ్మా. మిట్టమధ్యాహ్నం పందిట్లోంచి బయటికి నడిపించి, అదిగో తల్లీ అరుంధతి, కనబడిందా అంటే, కనబడిందండీ అంటారు. లేదన్న పిల్ల ఒక్కతీ లేదు. పెద్దవాళ్లు అంత మనసుపెట్టి చూపిస్తుంటే లేదని ఎలా అంటాం చెప్పు?"

"నా పెళ్లిలో నేనూ కనబడిందనే అన్నాను."

"తెలుసులే. నువ్వు చూసింది ఉత్తరం కూడా కాదు. గాడిపొయ్యి దగ్గర బూరెలు వండుతుంటే అటు చూసి చెప్పావు."

నాకు నవ్వొచ్చింది. "ఇప్పుడు మూతలు లేవు. ఇప్పుడు చూసి చెప్పండి," అన్నాను.

ఆయన మళ్లీ ఎత్తుకుని చాలాసేపు చూశారు. అటూ ఇటూ జరిపారు. చివరికి నా చేతికి తిరిగి ఇచ్చేశారు.

"లేదమ్మా. చీకటే."

"చిత్త?"

"చిత్తా లేదు, స్వాతీ లేదు. పోయిన ఏడాది నుంచీ ఆకాశంలో చంద్రుడొక్కడే ఉంటున్నాడు. వాడు కూడా ముగ్గురు నలుగురుగా వస్తున్నాడు."

మా అమ్మ అన్నం వడ్డిస్తూ, ఇదిగో పప్పు, ఇటు వంకాయ, ఎడమచేతి పక్కన మజ్జిగ అని ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పడం నేను చాలాసార్లు చూశాను. ఈ వయసులో ఎంత మురిపెమో అనుకుని మనసులో ముచ్చటపడేదాన్ని. అది ఎందుకో అప్పుడు అర్థమైంది.

పిట్టగోడ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆయనే అందుకున్నారు.

"పొద్దున్న పెళ్లిలో ఏమైందో తెలుసా? మంగళసూత్రాలు తీసుకెళ్లి ఫోటోలు తీసే కుర్రాడి చేతికి ఇవ్వబోయాను. వాడు పెళ్లికొడుక్కి అడ్డంగా నిలబడ్డాడు, నాకు మనిషి ఆకారం ఒక్కటే తెలిసింది. వాడు నవ్వేసి పక్కకి తప్పుకున్నాడు. జనమంతా పంతులుగారు హాస్యం ఆడారనుకుని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నా ఒళ్లంతా చెమట పట్టేసిందమ్మా."

"మరి ఎవరికీ చెప్పరేంటండీ?"

"చెబితే రేపు పెళ్లికి పిలిచేవాడెవడు? అదీగాక..." అని ఆగారు. "మా అన్నయ్యకి చేశారు కదా. తలకి రెండువైపులా ఇసుకమూటలు పెట్టి, కదిలితే కన్ను పోతుందని వారం రోజులు పడుకోబెట్టారు. కదలకుండా పడుకున్నాడు పాపం. అయినా పోయింది."

పంచాంగం వెనక ఇన్నాళ్లూ ఉన్నది పెదనాన్నగారి కన్ను. తిథులకి జవాబు చెప్పడానికి నేను నానా పుస్తకాలూ తిరగేశాను గానీ, భయానికి జవాబు ఎప్పుడూ తయారుచేసుకోలేదు. తెలిసినంతవరకూ చెప్పాను. ఇప్పుడు ఇసుకమూటలు లేవని, కంటి లోపలే చిన్న బిళ్ల పెడుతున్నారని, మర్నాడే ఇంటికి పంపేస్తున్నారని. ముదిరిన కొద్దీ కష్టమని కూడా దాచకుండా చెప్పాను.

"నువ్వు చదివావా?"

"చదివానండి. రెండు పుస్తకాల్లో ఒకేలా ఉంది."

ఆయన ఊ అన్నారు. తర్వాత దక్షిణం వైపు తల తిప్పి, "అది ఎప్పటిదన్నావు?" అని అడిగారు.

"సూర్యుడు పుట్టకముందు నుంచీ ఉంది. ఇప్పుడు మన కంటికి చేరే వెలుగు అక్కడ బయల్దేరి పదిహేడు వేల ఏళ్లయిందట."

"ఏ ముహూర్తానికి బయల్దేరిందో."

"అక్కడ ముహూర్తాలెక్కడివండీ? అది పుట్టేనాటికి తిథి లెక్కపెడదామంటే చంద్రుడే లేడు. భూమీ లేదు."

"అయితే శూన్యమాసం కూడా లేదన్నమాట."

"లేదండి."

"ఇంత దగ్గర దగ్గరగా ఉన్నారన్నావు, ఒకళ్లనొకళ్లు గుద్దుకోరా?"

"ఇంత దూరం నుంచి చూడబట్టి అలా ఉంది గానీ, వాళ్ల మధ్య చాలా చోటుంది నాన్నగారూ."

కింద మా వారు ఎవరితోనో కరెంటు గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. చాలాసేపటికి నాన్నగారు లేచి నా భుజం మీద చెయ్యి వేశారు. దారి తెలియక వేసిన చెయ్యి అని దాచలేదు.

"ఆషాఢంలో చేయించేద్దాంలే. ముందు కుడికన్ను. పద, మెట్లు చెబుతూ దింపు."

ఆషాఢంలోనే చేయించాం. ఆపరేషన్ గదిలోకి వెళ్లేముందు డాక్టరుగారు మమ్మల్ని పక్కకి పిలిచి, బాగా గట్టిపడిపోయింది, నావంతు చేస్తాను, ఏమాటా ఇప్పుడే చెప్పలేనన్నారు. గది బయట బల్ల మీద నేనూ అమ్మా కూర్చున్నంతసేపూ పుస్తకాల్లో చదివినదేదీ నాకు గుర్తు రాలేదు. మర్నాడు కట్టు విప్పి, వేళ్లు చూపించి ఎన్నని అడిగితే, నాన్నగారు మూడు అన్నారు. డాక్టరుగారు నిజంగానే మూడు చూపించారు. నేను మాత్రం ఇంకా నమ్మకుండా ఆయన చేతికేసి రెండోసారి చూశాను.

మరుసటి వేసవిలో ఆయన మా డాబా మీద నిలబడి, మళ్లీ అరువు తెచ్చిన బైనాక్యులర్‌తో ఆ తారాగుచ్ఛాన్ని చూశారు. ఈసారి నేను ముందుగా ఏమీ చెప్పలేదు, ఎలా ఉందని కూడా అడగలేదు. చాలాసేపు వెతికి, రెండుసార్లు లేదని, మూడోసారి "ఉండు ఉండు" అని, ఊపిరి బిగపట్టి, "విభూతి పండులా ఉందమ్మా. వేలు పెడితే రాలిపోయేలా ఉంది," అన్నారు. తేనెపట్టు కన్నా అదే సరైన మాట. ఆ పోలిక నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కానీ నాకు అంతకన్నా బాగా గుర్తున్నది ఆపరేషనైన ఏడాదే శ్రావణమాసం మొదట్లో ఆయన్ని ఊరికి దింపడానికి వెళ్లిన బస్సు ప్రయాణం. నల్లకళ్లద్దాలు తియ్యొద్దని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. ఆయన కిటికీ పక్కన కూర్చుని, వాటిని ముక్కు మీదకి జార్చి, పైనుంచి చూస్తూ కనబడిన ప్రతి బోర్డూ బయటికి చదవడం మొదలుపెట్టారు. సిమెంటు. ఎరువులు, పురుగుమందులు. కుట్టుమిషన్లు బాగుచేయబడును. కడియపులంక వచ్చేసరికి రోడ్డుకి రెండువైపులా నర్సరీల బోర్డులు, ఏదీ వదల్లేదు. గులాబీ అంట్లు. మామిడి అంట్లు. ఇచ్చట మట్టికుండీలు దొరకును.

"నాన్నగారూ, అద్దాలు," అంటే పైకి నెట్టుకుని, మళ్లీ బోర్డు రాగానే కిందకి జార్చేవారు.

ముందుసీటులో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. "ఏంటండీ పంతులుగారూ, ఈ వయసులో చదువు నేర్చుకుంటున్నారా?"

"అవునండీ," అన్నారు నాన్నగారు. "మొన్న ఆషాఢంలోనే అక్షరాభ్యాసం అయింది."

"ఆషాఢంలోనా!" అన్నాడాయన.

"ఆషాఢంలోనేనండి. మా అమ్మాయి పెట్టింది ముహూర్తం."

బస్సు జొన్నాడ వంతెన ఎక్కింది. గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. చదవడానికి అక్కడ ఏమీ లేక ఆయన ఊరుకుండిపోయారు. చెయ్యి కిటికీ ఊచ మీద పెట్టి, అవతలి గట్టు దగ్గరయ్యేవరకూ నీళ్ల కేసే చూశారు. రావులపాలెంలో బస్సాగగానే, "అరటిపండ్ల హోల్‌సేల్ వర్తకులు," అని మళ్లీ అందుకున్నారు, ఈసారి ఇంకా గట్టిగా.